పసివారి మందునకు రెండు లెక్కలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో భారతమును గూర్చి యొక గంటసేపు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. భారతమును గూర్చి నేను మీకు పలుమారులు చెప్పియున్నాను. చెప్పినదే చెప్పుట, విన్నదే వినుట ఉభయులకును శ్రమ. అందుచేత వారి అనుమతితో విషయము మార్చుకొంటిని. మనము పసిపిల్లలకిచ్చు మందులు వారి శరీరములలో ఏ విధముగా పనిచేయును, ఒకే మందు ఇద్దరు పిల్లలయెడ రెండు విధములుగా ఎందుకు వర్తించును అనునది నేటి ప్రసంగము.

"లెక్కలు వ్రాసికొను వానికి వైద్యముతో పనియేమి?" అని వెనుక వరుసలో నెవరో అనుచున్నట్లున్నది. పని యున్నది. నేను వైద్యుడను కాను, ఎవరికిని మందు చెప్పుటకు రాలేదు. కాని పిల్లవాని మందు సగము వైద్యము, సగము లెక్క. వైద్యుడు ఆ లెక్కను సరిగా వేసి యిచ్చినను, అది తప్పునది మన యింట, మన చెంచాతో. నేను చదివి సేకరించిన సంగతులను వైద్యుడైన యొక మిత్రునిచేత ముందుగా సరిచూపించుకొనియే మీ యెదుట నిలిచితిని.

ప్రాచీనులు ఈ ప్రశ్నను ఎరుగనివారు కారు. సుశ్రుతుడు బాలురను పాలు మాత్రమే త్రాగు క్షీరపులు, పాలును అన్నమును తిను క్షీరాన్నాదులు, అన్నమే తిను అన్నాదులు అని మూడు తెగలుగా విభజించి, మొదటివారికి రెండు వ్రేళ్ళ కణుపుల నడుమ పట్టునంత, రెండవవారికి రేగుగింజంత, మూడవవారికి రేగుపండంత మందు ఈయవలెనని చెప్పెను. చరకుడు విమానస్థానమున రోగిని పది విధముల పరీక్షింపుమని చెప్పుచు, ఆ పదింటిలో ప్రకృతిని, శరీర ప్రమాణమును, సాత్మ్యమును, వయస్సును చేర్చెను. దీనినిబట్టి నేటి జన్యుశాస్త్రమంతయు మనవారికి ముందే తెలియునని చెప్పుట నా యుద్దేశము కాదు. అట్లు చెప్పుట వారికి గౌరవము కాదు, మనకు జ్ఞానము కాదు. వారు అడుగవలసిన ప్రశ్నను అడిగిరి. సమాధానము మాత్రము గడచిన ఏడెనిమిది దశాబ్దములలో వచ్చినది.

మా తాతగారు ఈ గ్రామమునకు కరణము. 1984లో కరణీకములు రద్దయినను ఆయన వ్రాసిన లెక్కలను చూచియే నేను లెక్క నేర్చితిని. ప్రతి పొలమునకును రెండు చోట్ల వ్రాత యుండెడిది. భూమి ఏ తరమునకు చెందినదో చెప్పునది శాశ్వతమైన డైగ్లాటు. ఈ యేడు అందులో ఏ పైరున్నది, ఎంత పండినది అని చెప్పునది అడంగలు. అది ఏటేటా మారును. పిల్లవాని శరీరమునకును ఇట్టి రెండు లెక్కలే యున్నవి. తల్లిదండ్రులనుండి వచ్చిన జన్యువులు మొదటి లెక్క. అది మారదు. ఎదుగుదల రెండవ లెక్క. అది నెలనెలకు మారుచుండును. మన మిండ్లలో ఈ రెంటిని చూడక, పెద్దల మాత్రను రెండుగా విరిచి సగము వేయుట పరిపాటి. "పెద్దోడికి ఏసిన మందే కదేటి, చిన్నోడికి సగం ఎయ్యండి" అనుమాట మన వీధిలో విననివారు లేరు.

ముందు అడంగలు సంగతి చూతము. పాశ్చాత్య వైద్యులును చిరకాలము ఈ సగము, పాతిక లెక్కలతోనే కాలక్షేపము చేసిరి. యంగ్ అను నాతని సూత్రము ప్రకారము పిల్లవాని వయస్సును, ఆ వయస్సునకు 12 కలుపగా వచ్చిన సంఖ్యచేత భాగించవలెను. నాలుగేండ్ల బిడ్డకు 4ను 16చేత భాగింపగా పాతిక మోతాదు, పండ్రెండేండ్ల వానికి సగము. లెక్కకు ముచ్చటగానే యున్నది. కాని అప్పుడే పుట్టిన శిశువునకు ఈ సూత్రము ప్రకారము వచ్చునది సున్న! ఇంతకంటె పెద్ద లోపము వేరొకటి యున్నది. పిల్లవాడు పెద్దవాని చిన్న బొమ్మ యని ఆ సూత్రము తలచుచున్నది. అతడట్టివాడు కాడు.

నోట వేసిన మందు రక్తములో కలిసి శరీరమంతటను తిరుగును. దానిని మార్చి నిర్వీర్యము చేయునది ముఖ్యముగా కాలేయము, బయటికి పంపునది మూత్రపిండములు. నవజాత శిశువు శరీరములో నూటికి 75 పాళ్ళ వరకు నీరే. కాలేయములోని ఎంజైములు అనేకము ఇంకను పని నేర్చుకొనలేదు. మూత్రపిండముల వడపోత పెద్దలతో పోల్చినచో ఎంతో తక్కువ. మీకు తెలిసిన వస్తువుతో చెప్పెదను. మనము త్రాగిన కాఫీలోని కెఫీను సగము తరిగిపోవుటకు సుమారు ఐదు గంటలు పట్టును. నవజాత శిశువు శరీరములో అంతే తరుగుటకు మూడు నాలుగు దినములు పట్టును. అనగా ఈ పూట ఇచ్చినది పోకమునుపే మరుపూటది దానిపై చేరును. అప్పు తీరకముందే మరల అప్పు చేసినట్లు నిలువ పెరుగుచుండును.

ఈ నిలువ ఎంతటి ముప్పు తెచ్చునో లోకమునకు 1959లో తెలిసినది. క్లోరాంఫెనికాల్ అను మందు పేరు పెద్దలు ఎరుగుదురు. సన్నిపాత జ్వరమునకు, అనగా టైఫాయిడునకు, అది బహుకాలము పేరుపొందిన మందు. దానిని అమెరికాలోని ఆసుపత్రులలో నెలలు నిండని శిశువులకు అంటువ్యాధులు రాకుండ ఇచ్చినారు. ఆ శిశువులు పాలు విడిచి, పొట్ట ఉబ్బి, మేనంతయు బూడిదరంగునకు తిరిగి మరణించిరి. మందు చెడ్డది కాదు. పెద్దవాని కాలేయము దానిని నిర్వీర్యము చేసి మూత్రమార్గమున పంపివేయగలదు. శిశువు కాలేయమునకు ఆ శక్తి ఇంకను రాలేదు. అంతే భేదము. నాటినుండియే శిశువునకు మోతాదు అనునది ప్రత్యేక శాస్త్రమైనది.

ఇంతవరకు విన్నవారు, "అయితే పిల్లలకు ఎంత తక్కువ ఇచ్చిన అంత మేలు" అని తీర్మానింపవచ్చును. అదియును సరికాదు. ఏడాది దాటిన తరువాత ఐదారేండ్ల వరకు బిడ్డ కాలేయము అనేక మందులను పెద్దలకంటె వేగముగా ఖర్చుచేయును. అప్పుడు కిలో బరువునకు లెక్కించినచో పెద్దలకంటె ఎక్కువ మందు కావలెను. క్షయకు వాడు ఐసోనయాజిడ్ ఇందుకు మంచి తార్కాణము. పిల్లలకు కిలోకు 5 మిల్లీగ్రాములు చాలునని లోకమంతయు ఎంతోకాలము ఇచ్చినది. అది రక్తములో చాలినంత నిలుచుట లేదని పరీక్షలవలన తెలిసి, ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లో దానిని 10 మిల్లీగ్రాములకు పెంచినది. అనగా క్షయ సోకిన పసివారు అంతకుముందు సగము మందుతో పోరాడుచుండిరి. విరిచిన మాత్ర ఒకప్పుడు విషము కాగలదు, ఒకప్పుడు వట్టి సున్నము కాగలదు.

ఎదుగుచున్న ఎముకలును, పండ్లును కొన్ని మందులను పట్టి దాచుకొనును. టెట్రాసైక్లిన్ జాతి మందులు అట్టివి. ఎనిమిదేండ్ల లోపు బిడ్డకు పదేపదే ఇచ్చినచో, చిగురు లోపల తయారగుచున్న పంటిలో అది సున్నముతో కలిసి, పండు బయటికి వచ్చునప్పటికి పసుపు, గోధుమ చారలుగా కనిపించును. తోమిన పోదు. మా చెల్లెలికి నాలుగేండ్ల ప్రాయమున, 1970 దశకములో, జ్వరము వచ్చినప్పుడెల్ల ఒక పెద్దమనిషి ఆ గొట్టము మాత్రలను విప్పి తేనెలో కలిపి యిచ్చెడివాడు. జ్వరములు తగ్గినవి. పెద్ద పండ్లు వచ్చినప్పుడు అవి ఇటుకచాయలో వచ్చినవి. పెండ్లిచూపులకు వచ్చినవారు పిల్ల వక్క నములునా అని అడిగిరి. నేటికిని ఆమె నవ్వునప్పుడు పైటకొంగు నోటికి అడ్డము పెట్టుకొనును. ఆమె నవ్వు చూచినవారము ఇంటిలోని నలుగురమే.

ఆ జాతి మందులలో మొదటిదైన క్లోర్‌టెట్రాసైక్లిన్ వెలువడినది 1948లో. అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో బెంజమిన్ డుగ్గర్ దానిని కనుగొనినప్పుడు అచ్చటి పరిశోధనలకు అధిపతి మన తెలుగువాడు, 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. లక్షలమందిని కాచిన మందది. దానిని ఏ వయస్సున ఈయరాదో తెలియుటకు మరి కొన్నేండ్లు పట్టినది. సుబ్బారావుగారి బృందమే వెలికితీసిన వేరొక మందును మన జిల్లాలలో మ్రింగని యిల్లు లేదు. అదియే బోదకాలు మాత్ర, డైఇథైల్ కార్బమజైన్. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో బోదవ్యాధి ఎంత యుండెనో చెప్పనక్కరలేదు. 2004 మొదలు దేశమంతట చేపట్టిన సామూహిక పంపిణీలో రెండేండ్ల లోపు వారికి ఈయలేదు. రెండు మొదలు ఐదేండ్ల వరకు ఒక మాత్ర, ఆరు మొదలు పదునాలుగు వరకు రెండు, ఆపైవారికి మూడు. గర్భిణులకును, తీవ్రరోగులకును లేదు. ఇంటింట తిరిగి మ్రింగించునప్పుడు ప్రతివానిని తూచుట సాధ్యము కాదు గనుక వయస్సునే గుర్తుగా పెట్టిరి. ఆ మందు విషయమున అది చెల్లినది. అన్ని మందులకును చెల్లదు. మన ఊరిలోనే ఏడేండ్ల పిల్లలలో 15 కిలోల వాడును కలడు, 28 కిలోల వాడును కలడు.

ఇచ్చట కొంచెము నా వృత్తి చూపెదను. జ్వరమునకు పారాసెటమాల్ సాధారణముగా ఒక్క తడవకు కిలో బరువునకు 10 నుండి 15 మిల్లీగ్రాములని లెక్క. పది కిలోల బిడ్డకు 150కి మించరాదు. అంగడిలో ఈ మందు మూడు విధములుగా దొరకును. చుక్కల మందులో ఒక మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాములు. సిరపులో 5 మిల్లీలీటరులకు 120 లేక 125. గాఢమైన సిరపులో అదే 5 మిల్లీలీటరులకు 250. అనగా 150 మిల్లీగ్రాములకు చుక్కల మందు ఒకటిన్నర మిల్లీలీటరు, పలుచని సిరపు 6, గాఢమైనది 3. చిన్న సీసా గనుక చుక్కల మందు బలహీనమైనదని తలచి, సిరపు పోసినట్లు దానిని 6 మిల్లీలీటరులు పోసినవారు 600 మిల్లీగ్రాములు పోసినట్లు. నాలుగు రెట్లు! మూడు పూటలు అట్లు జరిగిన కాలేయము చెడును. ఇక చెంచా. మా యింటి చెంచాలు నాలుగింటిని మందు మూతతో కొలిచి చూచితిని. ఒకటి 3 మిల్లీలీటరులు, ఒకటి 4, ఒకటి 6, పులిహోర కలుపుటకు తీసినది 11. "ఒక చెంచా" అను మాటకు లెక్కలో అర్థము లేదు. సీసాతో వచ్చిన మూతగాని, సూదిలేని పిచికారిగాని వాడవలెను.

జలుబు మందు సంగతియు ఇచ్చటనే చెప్పుదును. క్లోర్‌ఫెనిరమైన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడరాదని అట్టపై ముద్రింపవలెనని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆదేశించెను. అట్టను చదివినవారికే ఆ యాదేశమువలన ఉపయోగము.

ఇక డైగ్లాటునకు, అనగా వంశపు లెక్కకు వచ్చెదను. భూమి తరము, మనుష్యుల తరము ఒకే మాట యగుట మన భాషలోని చమత్కారము.

మన్యప్రాంతమున మలేరియా ఎట్టిదో పార్వతీపురము, సీతంపేట వైపు బంధువులున్నవారు ఎరుగుదురు. మలేరియాలో వైవాక్స్ అను జాతి కాలేయములో దాగి నెలల తరువాత మరల పైకి లేచును. దానిని వేరుతో పెకలించుటకు ప్రైమాక్విన్ అను మాత్రను పదునాలుగు దినములు ఇచ్చెదరు. ఈ మాత్ర వేసిన కొందరికి రెండు మూడు దినములలో మూత్రము కాఫీరంగున వచ్చి, కన్నులు పచ్చబడి, రక్తము విరిగిపోవును. పక్కనున్న వానికి అదే మాత్ర ఏమియు చేయదు. ఎందుచేత? 1956లో చికాగో పరిశోధకులు దీని కారణమును కనుగొనిరి. అట్టివారి ఎర్రకణములలో జి-6-పి-డి అను ఎంజైము పుట్టుకతోనే కొరవడియున్నది. కణమునకు అది కవచము వంటిది. కవచము లేని కణమును ఆ మందు చీల్చివేయును. మందులయెడ వంశము చూపు ప్రభావమును గూర్చిన శాస్త్రమునకు 1959లో ఫోగెల్ అను జర్మను పండితుడు ప్రత్యేకముగా పేరు పెట్టెను.

ఈ లోటు మలేరియా చిరకాలముగా నున్న దేశములలోనే ఎక్కువ. ఈ లోటున్న కణములలో మలేరియా క్రిమి సుఖముగా పెరుగలేదు గనుక, అది పూర్వులకు ఒకప్పుడు రక్ష యైనది. తాతలను కాచినదే మనుమనికి మందు పడకుండ చేయుచున్నది. మన ఏజెన్సీ తెగలలోను ఈ లోటు కలదు, మైదానములోను కలదు. ఇది ఒక కులముదియో, ఒక కొండదియో యని ఎవరును ఎవరినీ వేలెత్తి చూపనక్కరలేదు.

ఈ జన్యువు తల్లివైపునుండి కుమారునకు వచ్చు ఎక్స్ అను క్రోమోజోములో నుండును. ఆడపిల్లకు రెండు ఎక్స్‌లు గనుక ఒకటి లోపించినను రెండవది చాలవరకు ఆదుకొనును. మగపిల్లవానికి ఒకటే. అందుచేత ఈ లోటు మగపిల్లలలో హెచ్చుగా కనిపించును. మేనమామ పోలిక యని మనవారు ముక్కును, నడకను చూచి చెప్పుదురు. ఈ పోలిక రక్తములో నుండును. మేనమామకు మలేరియా మాత్రలవలన నల్లని మూత్రము వచ్చెనని యింటిలో ఎవరికైన జ్ఞాపకమున్నచో, మేనల్లునికి మందు వ్రాయు వైద్యునికి అది ఎంతో విలువైన సాక్ష్యము. ఒక రక్తపరీక్షతో సంగతి తేలును. మన దేశపు చికిత్సా నియమములలో శిశువులకు, గర్భిణులకు, ఈ లోటున్నవారికి ప్రైమాక్విన్ ఈయరాదని యున్నది.

తల్లులు వినవలసిన మాట యొకటి. పెట్టెలో బట్టలకు పురుగు పట్టకుండ మనము కలరా ఉండలు వేయుదుము. అందులోని నాఫ్తలీను జి-6-పి-డి లోటున్న శిశువు రక్తమును విరుచును. పురిటి బిడ్డకు కామెర్లు హెచ్చి మెదడునకు హాని కలుగవచ్చును. పురిటి బిడ్డకు చుట్టుటకు దాచియుంచిన పాతచీరల మూటలో ఆ ఉండలు వేయవలదు. వేసియున్నచో ఉతికి ఎండలో ఆరవేయక వాడవలదు.

రెండవ దృష్టాంతము మన తెలుగుజాతిలోనిదే. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చునప్పుడు గొంతులోనికి గొట్టము పంపుటకై కండరములను సడలించు సక్సినైల్ కోలిన్ అను మందు ఇచ్చెదరు. రక్తములోని ఒక ఎంజైము దానిని నిమిషములలో కరిగించివేయును, ఊపిరి తిరిగివచ్చును. ఆ ఎంజైము పుట్టుకతో లేనివారికి ఊపిరి గంటలకొద్ది తిరిగి రాదు. యంత్రముతో శ్వాస ఇచ్చుచు నుండిన వారు కోలుకొందురు. యంత్రము సిద్ధముగా లేనిచోట ప్రాణాపాయము. ఈ లోటు ఇతరులకంటె ఆర్యవైశ్య సోదరులలో ఎన్నో రెట్లు ఎక్కువగా కలదు. దీనికి కారణమైన జన్యుమార్పును కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తదితరులు 2006లో ప్రకటించిరి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొనగా 2017లో వెలువడిన పరిశోధన, కొద్దిమంది మూలపురుషులనుండి వచ్చి శతాబ్దములు తమలో తామే వియ్యమందిన జనములలో ఇట్టి లోట్లు గూడుకొనునని చూపినది. ఈ లోటు రోగము కాదు. నూరేండ్లు బ్రతికినను ఆ మనిషికి దానివలన ఏ బాధయు లేదు, ఆ యొక్క మందు తగిలిననే తప్ప. తల్లి, తండ్రి ఇరువైపులనుండి వచ్చిననే ఇది బయటపడును. మేనరికములలో అట్లు కూడుటకు అవకాశము హెచ్చు. మేనరికము మంచిదా చెడ్డదా అను వాదము నేడు పెట్టుకొనను. పిల్లవానికి టాన్సిలులకో, వరిబీజమునకో కత్తి పెట్టించునప్పుడు, "మా వారిలో ఫలానావారికి మత్తు ఇచ్చిన తరువాత తెలివి వచ్చినను ఊపిరి చాలసేపు రాలేదు" అను సంగతి మత్తువైద్యునితో చెప్పవలెనని మాత్రమే నా మనవి. ఆయన వేరు మందు వాడును.

సుబ్బారావుగారి మాట మరల వచ్చుచున్నది. ఆయన పరిశోధనశాలలో తయారైన అమినోప్టెరిన్‌తో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తక్యాన్సరు పిల్లలకు మొదటిసారిగా కొంతకాలపు ఉపశమనమును కలిగించెను. ఆ దారినే పెరిగిన చికిత్సలో మెర్కాప్టోప్యూరిన్ అను మాత్రను బిడ్డ ఏండ్ల తరబడి ప్రతిదినము వేసికొనవలెను. టి.పి.ఎం.టి. అను ఎంజైము పూర్తిగా లేని బిడ్డకు సాధారణ మోతాదులో పదవ వంతే చాలును. అంతకు మించిన ఎముకలలోని మూలుగ ఎండి రక్తకణములు పుట్టవు. మన ఆసియా ప్రజలలో మరి యొక జన్యువు, నడ్-15 అనునది, ఇట్టి హానికి ముఖ్యకారణమని 2014లో కొరియా పరిశోధకులు కనుగొనిరి. తెల్లవారి పిల్లలకు చూచిన లెక్క మన పిల్లలకు చాలలేదన్న మాట.

డైగ్లాటు, అడంగలు ఒకదానితో నొకటి ముడిపడియుండుటయు కలదు. ఐసోనయాజిడును త్వరగా ఖర్చుచేయువారు, మెల్లగా ఖర్చుచేయువారు అని మనుష్యులు రెండు తెగలు. మన దేశమున సగముకంటె ఎక్కువమంది మెల్లనివారు. ఇది జన్యువులలో పుట్టుకతోనే వ్రాసియున్నది. అయినను నెలల బిడ్డలో ఆ ఎంజైము ఇంకను మేలుకొనదు గనుక ప్రతి శిశువును మెల్లనివాడుగానే కనిపించును. రెండు మూడేండ్లు గడచిన గాని ఎవడు ఏ తెగవాడో తేలదు. విత్తనము ఏదైనను మొలకలన్నియు ఒకటిగా నుండి, పొట్టకు వచ్చునప్పుడు వేరుపడినట్లు. కాబట్టి అన్నకు పడిన మోతాదు తమ్మునికి పడునని గాని, పోయినయేడు ఇదే బిడ్డకు పడినది ఈయేడు పడునని గాని మనము ఇంట కూర్చుండి తేల్చలేము.

ప్రతి మందునకును ముందుగా జన్యుపరీక్ష చేయించుట మన పల్లెలలో నేడు సాధ్యము కాదు, అవసరమును కాదు. మన చేతిలోనున్నది వ్రాత. మన గ్రంథాలయము తరపున ఒక నమూనా పుస్తకము తయారుచేసితిమి. ఇంటికి ఒకటి, ఎనిమిది పుటలు. మొదటి పుటలో వంశపు లెక్క: ఇరువైపుల తాత అమ్మమ్మలు, మేనమామలు, మేనత్తలు, వారిలో ఎవరికి ఏ మందు పడలేదు, ఎవరికి మత్తు తరువాత కష్టమైనది, ఏ బిడ్డకు పురిటిలో కామెర్లు హెచ్చినవి. తక్కిన పుటలలో ఎదుగుదల లెక్క: తేదీ, బిడ్డ బరువు, ఇచ్చిన మందు పేరు, మిల్లీలీటరుకు ఎంత, ఎన్ని తడవలు, తరువాత ఏమైనది. వైద్యుని వద్దకు పోవునప్పుడు బిడ్డతోపాటు దీనిని తీసికొనిపోవలెను. చదువురాని తల్లులకు వ్రాసిపెట్టుటకు ఉన్నతపాఠశాల బాలికలు ఆరుగురు ఒప్పుకొన్నారు, వారి పేర్లు ద్వారము చెంత అంటించితిమి.

పుస్తకములు నూటయాభై కుట్టించితిమి, బీరువా ప్రక్క బల్లమీద నున్నవి, వెల లేదు. అంగన్‌వాడీ వారి త్రాసును సాయంకాలము వరకు అడిగి తెచ్చి వరండాలో పెట్టించితిని. ఈ సభ ముగిసిన వెంటనే బిడ్డలను తెచ్చినచో బరువు తూచి మొదటి వరుస నేనే వ్రాసి యిచ్చెదను. చెప్పులు విప్పించి తీసికొనిరండు.